కత్తెర చెప్పిన ప్రసంగం

మా ఆడపడుచు చేతుల భాషలో నా పేరు వాగుడుకాయ. నాలుగు వేళ్లూ బొటనవేలూ నోటి దగ్గర పెట్టుకుని బాతు ముక్కులా టపటపలాడిస్తే అది నేను. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లోనే ఆ పేరు పెట్టేసింది. చెవులు వినపడని మనిషికి నేను వాగుతున్నానని ఎలా తెలిసిందని అడిగితే, "నీ దవడ చూస్తే తెలియదా?" అంది. మా ఆయన పేరు మీసం. అత్తయ్య పేరు చెవి పట్టుకుని మెలిపెట్టడం. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మేమందరం ఆమెను పిలిచే పేరు మాత్రం కత్తెర. బట్ట కోయడంలో ఆ చేతికి ఎదురు లేదు, ఎదుటి మనిషిని కోయడంలోనూ అంతే.

మాది సోఫాలకీ కుర్చీలకీ కొత్త బట్ట వేసే షాపు. కింద పని, పైన ఇల్లు. అత్తయ్య స్పాంజి నింపుతుంది. కత్తెర బట్ట కోసి చట్రానికి బిగిస్తుంది. నేను మిషను మీద కుడతాను. మా ఆయన వ్యాను వేసుకుని తేవడం, ఇచ్చి రావడం చూసుకుంటాడు. కత్తెర చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నది అసలు సిసలైన సైగల భాష. నేను ఆమె దగ్గర నేర్చుకున్నది షాపు భాష. "ఈవిడ బేరం ఇప్పట్లో తెగదు", "ఆయన చొక్కా చూడు, మన పరదా బట్టలా లేదూ" అని కస్టమర్ ముఖం మీదే చెప్పుకుని, పైకి మర్యాదగా నవ్వడానికి నాకు అది సరిగ్గా సరిపోయేది.

మేము వెళ్లేది కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి. బయటివాళ్లు మోర్మన్లు అంటారు. మాకు జీతం తీసుకునే బోధకుడంటూ ఉండడు. మాలో ఒకరికే ఆ బాధ్యత అప్పగిస్తారు. అలా మా ఊరి శాఖను నడిపే శాఖాధ్యక్షుడు మిగతా రోజుల్లో ఇళ్లకు కరెంటు పని చేస్తాడు. ఏడాదికి రెండుసార్లు మా సంఘం మొత్తానికి సర్వసభ్య సమావేశం జరుగుతుంది. ప్రవక్త, అపొస్తలులు, ఇంకా ఎందరో రెండు రోజులు ప్రసంగాలు చేస్తారు. అది జరిగే చోట పగలైతే మాకు నిద్రవేళ. అందుకని మా భాషలో గొంతు కలిపిన రికార్డు మరుసటి వారం మా హాల్లో పెద్ద తెర మీద వేస్తారు. అప్పటిదాకా మా వాళ్లెవరూ ఫోన్లో కూడా తొంగిచూడరు, అందరితో కలిసే చూడాలని పట్టు. ఆ రెండు రోజులూ హాలు పెళ్లివారిల్లే.

ఆ ఏడు ఎండలు తగ్గి సాయంత్రాలు చల్లబడుతున్న రోజులు. ఆదివారం ఆరాధన చివర శాఖాధ్యక్షుడు లేచి, "సమావేశం దగ్గర పడింది. ఊరికే ఎదురుచూస్తూ కూర్చోకండి. పాత సమావేశాల్లో మీ మనసుకి పట్టిన ప్రసంగాలు ఇంటిల్లిపాదీ కూర్చుని మళ్లీ వినండి. బాగా ఆకలి పెంచుకుని రండి," అన్నాడు. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. ఇంటికి నడుస్తూనే ఏది ముందు వినాలో, ఏది తర్వాత వినాలో చెప్పడం మొదలుపెట్టింది.

కత్తెర నా మోచెయ్యి గిల్లింది. "ఏంటట?"

నడుస్తూనే నాలుగు సైగల్లో తేల్చేశాను. పాతవి. వినాలి. ఇంట్లో. అందరూ.

ఆమె వీధి మధ్యలో ఆగిపోయింది. "వినాలా?" అని తన చెవి చూపించి నవ్వింది. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

భోజనాల దగ్గర అసలు సంగతి బయటపెట్టింది. అందరం తన వైపు చూసేదాకా బల్ల మీద అరచేత్తో తట్టి, "ఈసారి సమావేశానికి నేను రాను. ఇక ఆదివారాలు కూడా మానేస్తా," అంది.

"ఏమంటోందే? ఒంట్లో బాలేదా?" అంది అత్తయ్య. కూతురి సైగల్లో ఆవిడకి తెలిసినవి తిండి, నిద్ర, రా, పో. మిగతాదంతా ఆవిడే ఊహించుకుని కూతురి తరఫున అందరికీ జవాబు చెప్పేస్తుంది. ఎవరు కత్తెరను పలకరించినా "దానికి బాగానే ఉంది", "దానికి ఆ రంగు నచ్చదు" అని అత్తయ్య గొంతే వినిపించేది.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అత్తయ్యకి ఏడుపొక్కటే తక్కువ. "ఇంత కాలం లేనిది ఇప్పుడేమొచ్చింది? సంఘం పత్రికలో అచ్చయిన ప్రసంగాలు చేతిలో పెడుతున్నాం కదా. చదువుకుంటోంది కదా!"

ఆ మాట చేతుల్లో పెట్టాను. కత్తెర వేళ్లు చకచకా కదిలాయి. "చదవడం వచ్చు. కానీ హాలంతా నవ్వినప్పుడు నేను పేజీ తిప్పుతుంటాను. అమ్మ కళ్లు తుడుచుకుంటుంది. ఏమైందని అడిగితే తర్వాత చెప్తా అంటుంది. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. రెండు రోజులు బొమ్మలా కూర్చోబెడతారు నన్ను. కింద బస్సు సీట్లు గుట్టలా పడున్నాయి, అవైనా చేసుకుంటా."

నా గొంతుతో ఆ మాటలు పలికాను. మా ఆయన గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. అత్తయ్య తినడం ఆపేసింది. ఆవిడ జీవితంలో కోరుకున్నది పెద్దదేం కాదు, ఇంట్లో అందరం ఒక్క బెంచీ మీద కూర్చోవాలని. ఇప్పుడు ఆ బెంచీలోంచి ఒక మనిషి లేచిపోతానంటోంది.

నా నోరు ఊరుకుంటుందా? "నేను చెప్తా," అన్నాను, నోటితో అత్తయ్యకి, చేతులతో కత్తెరకి. "రెండు రోజులూ నేనే చెప్తా. ఒక్క మాట వదలను."

కత్తెర నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? నీకు వచ్చిన సైగల్లో సగం తిట్లు."

"అయితే మిగతావి నేర్పు."

"నేర్పుతా. కానీ విను. మొదటి పూట చూస్తా. నా పక్కవాళ్లు నవ్వి, ఎందుకు నవ్వారో నాకు తెలియకపోతే లేచి వచ్చేస్తా. మళ్లీ ఆ మెట్లెక్కను."

సరే అన్నాను.

మర్నాటి నుంచి షాపులో మధ్యాహ్నం పాల వేళ మా సాధన వేళ అయింది. మా సంఘం నియమం ప్రకారం ఇంట్లో టీ, కాఫీ ముట్టం. అందరం వేడి పాలు తాగుతాం. మిషను ఆపి, ఫోను గోడకి ఆనించి, పాత ప్రసంగం పెట్టేదాన్ని. కత్తెర ఫోను కనబడేలా పీట మీద కూర్చునేది. నేను ఫోనుకి వీపు పెట్టి ఆమెకి ఎదురుగా నిలబడేదాన్ని. వెనక నుంచి గొంతు వినపడాలి, ఎదురుగా చేతులు కదలాలి. విన్నంత తేలిక కాదు. మొదటి రోజు రెండు వాక్యాలకే కాళ్లూ చేతులూ ఆడలేదు.

షాపు భాషలో "కృప" ఎక్కడుంది? నాకు తోచింది నేను పెట్టాను. కత్తెర పాలు కక్కుకునేలా నవ్వింది.

"ఏమైంది?"

"దేవుడు మనకి డిస్కౌంటు ఇచ్చాడని చెప్పావు."

"మరి కాదా? బేరం ఆడకుండానే ఇచ్చాడు కదా!"

ఆమె నవ్వు ఆపి ఒక్క క్షణం ఆలోచించింది. "బేరం ఆడకుండా, మనం అడగకముందే, మొత్తం," అని ఆ సైగని రెండు చేతులతో పెద్దది చేసింది. మా ఇంట్లో కృప అంటే ఇప్పటికీ అదే. పశ్చాత్తాపానికి మాత్రం ఆమే దారి చూపింది. తప్పు పడిన కుట్టు విప్పి, అదే బట్ట మీద మళ్లీ కుట్టడం. అంతకంటే బాగా ఏ బోధకుడూ చెప్పగా నేను వినలేదు.

అత్తయ్య మొదట్లో గొణిగేది. "వేళకి సీట్లు ఇవ్వకపోతే బస్సువాళ్లు ఊరుకుంటారా?" అనేది. నాలుగు రోజులకి తనే స్పాంజి మూట లాక్కుని మాకు దగ్గరగా జరిగింది. కూతురి చేతులు చూస్తూ పాలు చల్లార్చుకునేది.

నన్ను తినేసే అనుమానం ఒకటే. ప్రసంగం అయ్యాక "ఏం అర్థమైంది?" అని అడిగితే కత్తెర బొటనవేలు పైకెత్తేది. బాగుందట. ఆ బొటనవేలు నాకు కొత్తా? హాల్లో ఎవరు పలకరించినా అదే బొటనవేలు, అదే చిరునవ్వు. అర్థమయ్యి ఎత్తుతోందో, నా మొహం చూసి జాలిపడి ఎత్తుతోందో తేలేది కాదు. గట్టిగా అడిగితే "కోర్టులో ఉన్నానా?" అనేది. కోపం ఆమెకి ముక్కు మీదే ఉంటుంది, నాకు నాలుక మీద.

ఒక రోజు అత్తయ్య, తలెత్తకుండా, "ఆ బల్లల ప్రసంగం ఉంటే పెట్టవే," అంది.

"ఏ బల్లలు?"

"చాలా ఏళ్లయింది. హాల్లో చూశాం. నేను ఏడిచాను. ఇది పక్కనే కూర్చుని ఏమైందని పొడిచి పొడిచి అడిగింది. తర్వాత చెప్తా అన్నాను." స్పాంజి ముక్క ఒకటి చేతిలో నలిపి పక్కన పడేసింది. "ఎలా చెప్పాలో నాకు తెలియలేదు."

హాల్లో తెర సంగతులన్నీ చూసేది మా రీలు తాత. సినిమా హాల్లో ప్రొజెక్టర్ తిప్పీ తిప్పీ రిటైరైన మనిషి. తన చేతి మీద ఏనాడూ ఒక్క రీలు కూడా అటుదిటు కాలేదని, మనం అడగకపోయినా చెబుతాడు. నేను వెళ్లి అడిగితే హాలు కంప్యూటర్లో పాత సమావేశాలన్నీ వెతికి, ఆ కథ ఉన్నంత మేర కోసి నా ఫోన్లో వేశాడు. "మొదలూ చివరా ఎందుకమ్మా, నీకు కావలసింది బల్లలేగా," అన్నాడు.

ఆ కథ ఇది. ప్రసంగం చేసే పెద్దాయన చిన్నప్పుడు మంచు కురిసే ఊళ్లో ఉండేవాడు. అక్కడి చిన్న ప్రార్థన గదికి బెంచీలు, అదే మా అత్తయ్య అన్న బల్లలు, చేసే ఒక వడ్రంగి ఆవిడ ఉండేది. ఏ కుటుంబం ఎంతమందో లెక్కగట్టి బెంచీ చేయమంటే, ప్రతి బెంచీనీ ఒక మనిషికి సరిపడా ఎక్కువ పొడుగు చేసేది. కొలత రాదని ఊరంతా వేళాకోళం. ఒక చలికాలం ఆదివారం, దారి తప్పిన ఒక పరాయివాడు తలుపు తోసుకుని వచ్చి ఆ మిగిలిన చోట్లో కూర్చున్నాడు. అతనే ఈ పెద్దాయన తండ్రి.

ప్రాణం పెట్టి చెప్పాను ఆ రోజు. బెంచీ పొడుగు చూపించడానికి షాపు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను కూడా. వెనక అత్తయ్య ముక్కు ఎగబీలుస్తోంది. అయిపోయాక చెమట తుడుచుకుని కత్తెర వైపు చూశాను.

బొటనవేలు లేదు. చిరునవ్వు లేదు. "అయిపోయిందా?" అని, లేచి వెళ్లి, నాకు వీపు పెట్టి బస్సు సీటు బట్ట కోయడం మొదలుపెట్టింది. వీపు పెట్టిందంటే మాట ముగిసినట్టే. చేతిలో కత్తెర ఉన్నంతసేపు ఆమె మాట్లాడదు, వెనక్కి తిరిగి ఉన్నంతసేపు ఎవరి మాటా ఆమెకి చేరదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ముందుకెళ్లి నిలబడి, "బాలేకపోతే బాలేదని చెప్పు, ఇలా మొహం తిప్పుకోకు," అన్నాను. ఆమె నా చేతులు చూడకుండా గీత వెంబడి బట్ట కోసుకుంటూ పోయింది. అత్తయ్య పాలగ్లాసులు తీసుకుని పైకి వెళ్లిపోయింది.

"పోయిందండీ అంతా," అన్నాను ఆ సాయంత్రం మా ఆయనతో. "ఒక్క ముక్క కూడా ఎక్కలేదు ఆమెకి. నాకు మాత్రం మెడ పట్టేసింది."

"వస్తానంది కదా. మొదటి పూట వరకూ వస్తానంది," అన్నాడు ఆయన. "మా చెల్లి మాటంటే మాటే. పద చూద్దాం." పెద్దగా మాట్లాడే మనిషి కాదు ఆయన. ఆ కాస్త మాటతోనే నేను సమావేశం రోజు దాకా నెట్టుకొచ్చాను.

ఆ శనివారం హాలు కిక్కిరిసిపోయింది. ఇంత ఇస్త్రీ చేసిన చొక్కాలు మళ్లీ ఆరు నెలల దాకా కనబడవు. శాఖాధ్యక్షుడు ముందు వరసలో చివర బెంచీ మాకు వదిలి, దాని ఎదురుగా నాకో కుర్చీ వేయించాడు. నా వీపు తెరకి, ముఖం కత్తెరకి. ఆమె పక్కన అత్తయ్య, ఆ పక్కన మా ఆయన. ఇందరి ముందు చేతులు తిప్పాలంటే నాకు నోరు ఎండిపోయింది. నోరెండిపోవడం నా జీవితంలో అదే మొదలు.

దీపాలు తగ్గాయి. పాట, ప్రార్థన అయ్యాయి. వెనక నుంచి ప్రసంగం మొదలైంది. మాట చెవిలో పడటం, చేతిలోంచి బయటికి పోవడం. మధ్యలో నా బుర్రకి ఏ పనీ లేదు. "ప్రియమైన సహోదర సహోదరీలారా, ఈ ఉదయం నా హృదయం కృతజ్ఞతతో నిండి ఉంది" ఇలా వెళుతోంది. నేను తడబడటం లేదు. పర్వాలేదే అనుకున్నాను.

ఉన్నట్టుండి కత్తెర చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఇప్పుడు కళ్లజోడు పైకెత్తుతాడు."

నాకు అర్థం కాలేదు. ఆపవద్దని కళ్లతోనే బతిమాలాను.

"ఎత్తాడు చూశావా! ఇక బల్లలావిడ వస్తుంది."

వెక్కిరిస్తోంది అనుకున్నాను. ఆ రోజు కోపం ఇలా ఇందరిలో తీర్చుకుంటోందని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మళ్లీ చేతులెత్తేలోపు ఆమె మొదలుపెట్టేసింది. మంచు. చిన్న గది. ఒక ఆవిడ, చెవి మీద పెన్సిలు, మోకాలి మీద చెక్క. కొలతబద్ద పట్టుకున్న తీరు, కొలిచాక ఇంకొక్క మనిషంత ముందుకి జరిగిన తీరు. ఆవిడని వెక్కిరించే ఊరివాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు కత్తెర ముఖంలోకి వచ్చి వెళ్లారు.

"ఏమంటోందే?" అంది అత్తయ్య వంగి.

నేను గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాను. నా గుసగుస ఎలా ఉంటుందో మా వీధికి తెలుసు. వెనక మూడు వరసలూ చెవులు రిక్కించాయి. "మంచు ఊళ్లో ఒక వడ్రంగి ఆవిడ... బెంచీని కావాలనే పొడుగు చేసేదట..."

అప్పుడు నా వీపు వెనక పెద్ద స్పీకర్లోంచి గొంతు నిదానంగా వచ్చింది. "మా చిన్ననాటి ఊరిలో, మంచు కురిసే కాలంలో, ఒక వడ్రంగి ఉండేది."

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. "ఇది ఆ ప్రసంగమే," అంది. "ఇది పాతదే!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "ఆవిడ ముందే చెప్పేసింది!" అన్నారు. స్పీకర్లో బెంచీలు కొలుస్తున్నారు, కత్తెర చేతుల్లో అప్పటికే పరాయివాడు తలుపు తోస్తున్నాడు. నవ్వు వెనక వరసలదాకా పాకింది. రీలు తాత కంప్యూటరు దగ్గర నుంచి లేచి నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. నా కోసం పాత సమావేశం తెరిచిన మనిషి, ఈ పొద్దున్న కొత్తదనుకుని దాన్నే నొక్కేశాడు. అదే వేదిక, అవే పూలు, అవే నల్ల సూట్లు, మా భాషలో చెప్పే గొంతూ అదే. హాలు మొత్తం పెన్నులు పట్టుకుని భక్తిగా రాసుకుంటూ కూర్చుంది. నేనైతే తెరకి వీపు పెట్టి ఉన్నాను. ఆ రోజు పాల వేళ ఫోన్లో ఆ పెద్దాయన బొమ్మ చూసింది కత్తెర ఒక్కతే. ఆ చారల టైని, కథకి ముందు కళ్లజోడు ఎత్తే అలవాటుని ఆమె గుర్తుపట్టేసింది.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగింది నన్ను, భుజాలు బిగించి.

"రీలు తాత పాతది వేశాడు. ఎవరికీ తెలియలేదు. నువ్వు పట్టేశావని నవ్వుతున్నారు."

ఆమె వెనక్కి తిరిగి హాలంతా చూసింది. చూసి, తల వెనక్కి వేసి, ఆ గొంతులోంచి వచ్చే వింత చప్పుడుతో పెద్దగా నవ్వింది. ఆ చప్పుడు బయట వినబడకూడదని అత్తయ్య ఎప్పుడూ చేత్తో సైగ చేసేది. ఆ రోజు చెయ్యి ఎత్తలేదు. నాకైతే గర్వం ఛాతీలో పట్టలేదు. బొటనవేలు ఎత్తిన ప్రతి పూటా ఆమెకి అంతా చేరింది. వీపు పెట్టిన పూట అన్నిటికంటే ఎక్కువ చేరింది.

తెర ఆగిపోయింది, దీపాలు వెలిగాయి. "నా చేతి మీద ఇలాంటిది ఏనాడూ..." అని రీలు తాత ముఖం పాలిపోయి గొణుగుతున్నాడు. శాఖాధ్యక్షుడు ఆయన భుజం తట్టి, "నిదానంగా వెతకండి తాతా, తొందరేం లేదు," అని మా బెంచీ దగ్గరికి వచ్చాడు. నేరుగా కత్తెర ముఖంలోకి చూసి అడిగాడు. "సిస్టర్, కథ మధ్యలో ఆగిపోయింది. ఆ పరాయి మనిషి సంగతి ఏమైంది? మాకు చెప్తారా?"

నేను చేతుల్లో పెట్టేలోపు అత్తయ్య నోరు తెరిచింది. కూతురి తరఫున జవాబు చెప్పడం ఆవిడకి ఊపిరి తీసుకోవడమంత అలవాటు. తెరిచిన నోరు అలాగే ఆగింది. తర్వాత మెల్లిగా మూసుకుని, పక్కకి జరిగి, కూతురికి దారి ఇచ్చింది.

కత్తెర ముందుకి వెళ్లి నిలబడింది. నేను మొదటి వరస పక్కన నిలబడి నా గొంతు ఆమెకి ఇచ్చాను. పరాయివాడు వచ్చి కూర్చున్నాడు, అతనే ఈ పెద్దాయన తండ్రి అని చెప్పింది. అందరూ అయిపోయిందనుకున్నారు. ఆమె చేతులు దించలేదు.

"ఈ కథ షాపులో మా వదిన చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. కూర్చోవడానికి చోటు ఇచ్చారు, బాగుంది. నాకూ ఇచ్చారు. చిన్నప్పటి నుంచి ఈ బెంచీ మీద నా చోటు ఎవరూ తీసుకోలేదు. కానీ ఊరికే కూర్చుంటే ఆ మనిషి రెండో ఆదివారం రాడు. నాకు తెలుసు. అతను మళ్లీ మళ్లీ వచ్చాడంటే, ఆ బల్లలావిడ వచ్చి అతని పక్కన కూర్చుని, అక్కడ ఏం జరుగుతోందో అతనికి చెప్పి ఉంటుంది. ఈ పెద్దాయన ఆ సంగతి వదిలేశాడు. నేను కలుపుతున్నాను."

చివరిదాకా పలికాను, ఒక్క మాట వదలనని మాటిచ్చాను కదా. శాఖాధ్యక్షుడు "ఆమేన్" అనబోయి, ఆగి, కత్తెర మా ఇంట్లో ప్రార్థన ముగిశాక ఆమేన్‌ని చేతులతో ఎలా చెప్తుందో ఎప్పుడు చూశాడో ఏమో, రెండు అరచేతులూ నెమ్మదిగా కలిపి కిందికి దించాడు. వెనక వరసల్లో ఒక్కొక్కరే అలాగే చేశారు.

కత్తెర వచ్చి కూర్చుంది. అత్తయ్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు తడుముకుంది. తర్వాత వేలితో తన గుండె మీద తట్టుకుని, కుట్టు విప్పుతున్నట్టు ఒక్కో దారం లాగి, మళ్లీ కుడుతున్నట్టు సూది పోనిచ్చింది. స్పాంజి పక్కన కూర్చుని ఆ సైగ చూసి నేర్చుకుందని నాకు అప్పటిదాకా తెలియదు. కత్తెర వాళ్లమ్మ చేతులు పట్టుకుని, సూది పట్టుకునే వేళ్లని సరిచేసింది.

రీలు తాత ఈసారి రికార్డు పేరు రెండుసార్లు చదివించుకుని, ముగ్గురికి చూపించి మరీ కొత్త సమావేశం వేశాడు. రెండు రోజులూ నేను చెప్పాను. ఎన్నో మాటలు తప్పాను. తప్పిన చోటల్లా కత్తెర కనుబొమ్మ ఎత్తేది, నేను కుట్టు విప్పి మళ్లీ కుట్టేదాన్ని. ఆదివారం సాయంత్రానికి చేతులు భుజాల దగ్గర ఊడిపోతాయేమో అనిపించింది. మొదటి పూట గురించి మా మధ్య మళ్లీ మాటే రాలేదు. అన్ని పూటలూ అందరికంటే ముందు వచ్చి బెంచీ మీద కూర్చుంది ఆమె.

సోమవారం పొద్దున్న షాపు తెరిచాం. బస్సు సీట్ల మనిషి వచ్చి, ఆలస్యానికి అత్తయ్య మీద ఎగిరి, చల్లబడ్డాక కత్తెర వైపు చూపించి, "ఈ ముదురు రంగు బట్ట మాసిపోతే కనబడదు కదా? ఆవిడ ఏమంటుంది?" అన్నాడు.

అత్తయ్య, "ఆవిడనే అడగండి. మా కోడలు చెప్తుంది," అంది.

కత్తెర నన్ను పిలవడానికి చెయ్యెత్తింది. నాలుగు వేళ్లూ బొటనవేలూ కలిపి, బాతు ముక్కు టపటపలాడించింది. అదే నా పేరు, అదే వాగుడుకాయ. కాకపోతే ఈసారి ఆ చెయ్యి నోటి దగ్గర లేదు. ఛాతీ ముందు, మేం ఇద్దరం చేతులతో మాట్లాడుకునే చోట ఉంది. ఇన్నేళ్ల పేరుని అంత దూరం జరిపి, ఏమీ ఎరగనట్టు, "రా, ఇతనికి చెప్పు," అంది.

మిషను ఆపి వెళ్లాను.